మా గేటు తుప్పు వదిలించిన 49 రోజులు

2025 మార్చి 30, ఉగాది. పొద్దున్నే గేటుకు మామిడాకుల తోరణం కడుతున్న అమ్మ అరచెయ్యి చూసుకుని, "ఇదేమిటిరా, కుంకుమ అంటినట్టుంది" అంది. కుంకుమ కాదు, తుప్పు. పైపట్టీ మీద ముదురు గోధుమ రంగు పెచ్చు ఒకటి అప్పడంలా లేచి ఉంది. వేలితో కదిపితే కింద పడింది. దాని వెనక ఇనుము లేదు, ఎర్రటి పొడి ఉంది.

మాది మల్కాజిగిరిలో పాత ఇల్లు. 1986లో నాన్న కట్టించారు. గేటు కూడా అప్పటిదే. రెండు రెక్కలు, ఒక్కొక్కటి అయిదడుగుల వెడల్పు. కింద మూడో వంతు ఇనుప రేకు, పైన ఊచలు, ఊచల మధ్య జిలేబీ చుట్టల్లాంటి మెలికలు. ఆ కాలంలో అందరి గేట్లకూ ఆ మెలికలు ఉండేవి. అందం ఎంతో, తుప్పు దాక్కోవడానికి చోటు కూడా అంతే.

ఏప్రిల్ 2న పెయింటరు వచ్చి చూశాడు. గీకి, ఉప్పుకాగితం పట్టి, రెడ్ ఆక్సైడ్ ఒక పూత, రంగు రెండు పూతలు, మొత్తం 9,000 రూపాయలు అన్నాడు. "మెలికల లోపల తుప్పు ఎలా తీస్తావు?" అని అడిగాను. "అక్కడికి చెయ్యి దూరదు సార్. రంగు పడితే కనిపించదు" అన్నాడు. నిజాయితీపరుడు. కానీ ఈ గేటుకు ఇప్పటికి నాలుగుసార్లు జరిగింది సరిగ్గా అదే, కనిపించకుండా చేయడం.

చర్లపల్లి వైపు ఇసుక బ్లాస్టింగ్, అంటే ఇసుకను జోరుగా చిమ్మి తుప్పు గీకే పని, చేసే షెడ్డు ఒకటి ఉందంటే వెళ్లి కనుక్కున్నాను. ట్రాలీ ఆటో కిరాయితో కలిపి 12,500. గేటు ఊడదీసి వాళ్ల దగ్గరకు చేర్చాలి. మా గేటు బందులు స్తంభంలో సిమెంటు పోసి బిగించినవి, ఊడదీయాలంటే స్తంభం పగలగొట్టాలి. పైగా నాలుగు రోజులు గేటు లేని ఇల్లు. మా వీధి కుక్కల సంగతి తెలిసినవాళ్లెవరూ ఆ మాట అనరు.

కారు కడగడానికి మా బావమరిది రెండేళ్ల కిందట ఇచ్చిన ప్రెషర్ వాషర్ ఇంట్లో ఉంది. దానికి తగిలించే తడి ఇసుక బ్లాస్టింగ్ గొట్టం దొరుకుతుందని ఒక వీడియోలో చూశాను. వీడియోలో ఆయన నాజిల్‌ను అటూ ఇటూ ఊపుతుంటే, పలక మీది సుద్దరాత చెరిపినట్టు తుప్పు పోయి తెల్లటి ఇనుము బయటపడుతోంది. ఆ వీడియో మూడు నిమిషాలు. నాకు పట్టిన కాలం పైన రాశాను.

ఏప్రిల్ 5న ఆర్డరు పెట్టాను, 9న వచ్చింది. 2,350 రూపాయలు. డబ్బాలో పింగాణీ మూతి ఉన్న నాజిల్, మూడు మీటర్ల పారదర్శకపు గొట్టం, ఇసుకలో గుచ్చే లోహపు కడ్డీ, ఒక కళ్లజోడు. పనిచేసే తీరు తేలికే. దోమల మందు కొట్టే పాతకాలపు ఫ్లిట్ పంపు గుర్తుందా? గాలి వేగంగా దూసుకుపోతుంటే డబ్బాలోని మందు దానంతటదే పైకి ఎక్కేది. ఇక్కడ గాలి బదులు నీళ్లు, మందు బదులు ఇసుక. సన్నటి రంధ్రంలోంచి నీళ్లు దూకే చోట పీడనం పడిపోతుంది, ఆ లోటులోకి గొట్టంలోంచి గాలితో పాటు ఇసుక ఎగబడుతుంది. నాజిల్ మూతి నుంచి రెండూ కలిసి బయటికొస్తాయి. కడ్డీ పైభాగంలో గాలికి చిన్న రంధ్రం ఉంటుంది. అది ఇసుకలో కూరుకుపోతే పీల్చడం ఆగిపోతుంది. ఈ సంగతి కాగితంలో ఎక్కడా రాయలేదు.

డబ్బా మీద మాత్రం ఒకటి రాసి ఉంది, నేను కొన్నాక చదివాను. కనీసం 140 బార్ పీడనం, నిమిషానికి 8 లీటర్ల నీళ్లు ఉండాలట. నా యంత్రం రేకు మీద గరిష్ఠం 130 బార్, నీళ్లు 6.5 లీటర్లు. ఇసుకను పీల్చే బలం ముఖ్యంగా నీటి ప్రవాహం నుంచి వస్తుంది, పీడనం అంకె ఒక్కటి చూసి మురిసిపోతే లాభం లేదు. తిప్పి పంపుదామా అని ఒక రోజు ఆలోచించి, మానుకున్నాను. బద్ధకం అనుకోండి, ఆశ అనుకోండి.

ఏప్రిల్ 12 రెండో శనివారం, నేను పనిచేసే బ్యాంకుకు సెలవు. తెల్లవారగానే వాషర్ గన్నుకు నాజిల్ బిగించాను. మర చక్కగా పట్టింది. ట్రిగ్గర్ నొక్కగానే మర చుట్టూ నీళ్లు గొడుగులా విచ్చుకుని నన్నే తడిపాయి. టేపు చుట్టాను, ఇంకా బిగించాను, అదే తంతు. మధ్యాహ్నం రాణీగంజ్ వెళ్లి కొలిపిస్తే అప్పుడు తెలిసింది. ఈ మర కొలత ఎం22. పైకి అన్నీ ఒకటే. కానీ లోపల ఉండే సూది కొన్నింటికి 14 మిల్లీమీటర్లు, కొన్నింటికి 15. ఒక్క మిల్లీమీటరు తేడా, అంత పీడనంలో నీళ్లకు అది సింహద్వారం. కొలిచిన కుర్రాడు కూడా పొరబడి 220 రూపాయలకు తప్పు అడాప్టర్ ఇచ్చాడు. ఆదివారం దుకాణం లేదు, సోమవారం 14న అంబేడ్కర్ జయంతి. బుధవారం సాయంత్రం వెళ్లి 280 పెట్టి సరైనది తెచ్చుకున్నాను. మీరు కొనేముందు గన్ను పట్టుకుని దుకాణానికే వెళ్లండి. ఫోనులో ఫొటో చూపిస్తే ఆ మిల్లీమీటరు కనపడదు.

ఏప్రిల్ 19 శనివారం సాయంత్రం, 20 ఆదివారం పొద్దున అసలు పరీక్ష. మేడ మీద గది కట్టినప్పుడు మిగిలిన ఇసుక మూట ఉంది. జల్లెడ పట్టి బకెట్‌లో పోసి కడ్డీ గుచ్చాను. పారదర్శకపు గొట్టంలో ఇసుక చీమలబారులా పైకి ఎక్కడం చూస్తే భలే సంతోషం వేసింది. నాజిల్ బుస్సుమంది. గేటు మీద రూపాయి బిళ్లంత మేర తెల్లబడింది. అమ్మను పిలిచాను. అమ్మ వచ్చేలోగా చీమలబారు ఆగిపోయింది.

ఇక ఆ రెండు పూటలూ సాగింది పూడిక తీత. చేతికి పొడిగా తగిలే ఇసుక ఈ గొట్టానికి పొడి కాదు. గుప్పెట బిగించి వదిలితే ఉండలా నిలవకూడదు, నీళ్లలా జారిపోవాలి. ఇంకో తప్పు పూర్తిగా నాదే. పని ఆపాలనుకున్నప్పుడల్లా ట్రిగ్గర్ వదిలేశాను. కడ్డీ ఇసుకలోనే ఉంది. నాజిల్‌లో మిగిలిన నీళ్లు గొట్టంలోంచి వెనక్కి జారి బకెట్‌లో బురద చేశాయి. ఆ గొట్టాన్ని మా ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో ఇరవై నిమిషాలు ఆరబెట్టాను. ఆమె ఏమీ అనలేదు, డ్రయ్యర్ దాచుకునే చోటు మాత్రం మార్చేసింది.

తర్వాత పట్టుబడిన వరస ఇది. మొదట నాజిల్ నేలవైపు వంచి నీళ్లు వదలాలి. ధార నిలదొక్కుకున్నాక కడ్డీ ఇసుకలో పెట్టాలి. ఆపేటప్పుడు కడ్డీని ముందు పైకి లాగి, గొట్టం ఖాళీ అయ్యేదాకా నీళ్లు నడవనిచ్చి, చివర్న ట్రిగ్గర్ వదలాలి. దీనికి ఇద్దరు మనుషులు కావాలి. బకెట్ దగ్గర మా అబ్బాయిని కూర్చోబెట్టాను. ఇంటర్ సెలవులు. గంటకు యాభై రూపాయలని వాడే రేటు చెప్పాడు. ఆ జీతాన్ని కింది లెక్కలో కలపలేదు.

మధ్యలో రోబో ఇసుక కూడా ప్రయత్నించాను. రాయి పిండిచేసి తీసినది కదా, అంచులు పదును, తుప్పును బాగానే కోసింది. కానీ అందులో ఉండే రాతిపిండి చెమ్మ తగలగానే అట్టకట్టి గొట్టాన్ని మూసేసింది. మంచిదే అయింది, ఎందుకో చెబుతాను.

ఏప్రిల్ 26, నాలుగో శనివారం. వాటర్‌జెట్ కటింగ్ చేసేవాళ్లు నీళ్లలో గార్నెట్ అనే గట్టి ఎర్ర రాతి పొడి కలిపి ఇనుమును, రాయిని కోస్తారని తెలిసి, బాలానగర్ పారిశ్రామిక వాడలో అది అమ్మే చోటు వెతుక్కుంటూ వెళ్లాను. కౌంటరు దగ్గర పెద్దాయన, "ఇప్పటిదాకా దేంతో చేశారు?" అని అడిగారు. ఇసుకతో అని చెప్పాను. "ముక్కుకు ఏం కట్టుకున్నారు?" చేతిరుమాలు అన్నాను. ఆయన కాసేపు నన్ను చూసి, "అమ్మకం కోసం చెప్పడం లేదు, మామూలు ఇసుకతో ఇంకెప్పుడూ చేయకండి" అన్నారు. ఇసుకలోనూ గ్రానైట్ పిండిలోనూ సిలికా ఉంటుంది. అది సన్నటి ధూళై ఊపిరితిత్తుల్లో చేరితే అక్కడే మచ్చలు కడుతుంది, సిలికోసిస్ అంటారు. వచ్చాక పోయే జబ్బు కాదు. బ్లాస్టింగ్‌కు సిలికా ఇసుక వాడకూడదని బ్రిటన్ 1949లోనే నిబంధన పెట్టింది. నీళ్లు కలిపితే ధూళి చాలా తగ్గుతుంది, ఆ మాట నిజమే. కానీ చిమ్మిన తడి అంతా మధ్యాహ్నానికి ఎండిపోతుంది. దాన్ని చీపురుతో ఊడ్చేటప్పుడు లేచే ధూళికి నీళ్ల అడ్డు ఉండదు. నేను రెండు రోజులు ఊడ్చింది అలాగే. ఆ రాత్రి నిద్రలో రెండుసార్లు దగ్గు వచ్చింది. భయం వల్లనో ధూళి వల్లనో తెలియదు, లేచి కూర్చున్నాను.

గార్నెట్ 80 మెష్ (పొడి సన్నదనం లెక్క), 25 కిలోల బస్తా 800 రూపాయలు. అక్కడే ఫిల్టర్లు మార్చుకునే సగం ముఖపు మాస్కు 1,250. గార్నెట్ చిక్కటి గులాబీ ఎరుపు పొడి. చేత్తో తీస్తే ఇసుక కంటే బరువు, వేళ్ల సందుల్లోంచి కందిపప్పులా జారుతుంది. గొట్టానికి కావలసిన గుణం అదే.

మర్నాడు ఏప్రిల్ 27. పొద్దున ఏడున్నరకు మొదలుపెట్టాను. పక్కింటి బాబాయి గారి కారును వీధి చివర పెట్టించాను. కింద రెండు తార్పాలిన్లు పరిచి, తులసి కోట మీద ఒకటి కప్పాను. దీనికి ఇంకో కారణం ఉంది. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. మా గేటు మీది పొరలన్నీ అంతకు ముందువే. వాటిలో సీసం ఎంతుందో నేను కొలిపించలేదు, ఉందనే అనుకుని పనిచేశాను. మురుగుకాలువలోకి చుక్క పోకుండా ఇటుకలతో గట్టు కట్టాను. అమ్మను లోపలే ఉండమన్నాను. కిటికీలోంచి చూస్తానంది.

గార్నెట్ పని చూస్తే వారం రోజుల చిరాకు పోయింది. మెలికల లోపల, ఊచ ఊచను కలిసే సందుల్లో, ఎప్పుడూ ఉప్పుకాగితం ముట్టని మూలల్లో నాజిల్ మూతి పెడితే తుప్పు పొరలు పొరలుగా లేచి ఎర్రటి నీళ్లై కారిపోయింది. రంగు తుప్పు కంటే మొండిది. నాజిల్‌ను నిటారుగా పెడితే రంగు మీద గుంత పడుతుంది, కొంచెం ఏటవాలుగా పడితే అంచు కిందకి దూరి పెచ్చు లేపుతుంది. ఒక మెలిక దగ్గర అలా నెమ్మదిగా తీస్తుంటే పొరలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. పైన గోధుమ రంగు, కింద ఆకుపచ్చ, దాని కింద లేత నీలం, అడుగున రెడ్ ఆక్సైడ్. నాలుగు రంగుల వలయాలు, ఉల్లిపాయ కోసినట్టు. కిటికీ దగ్గర నుంచి అమ్మ, "ఆ నీలం మీ అక్క పెళ్లికి వేయించింది. మీ నాన్నే దగ్గరుండి కలిపించారు, నాకు నచ్చలేదు" అంది. నాకు ఆ నీలం అసలు గుర్తే లేదు. నిమిషంలో అది కూడా నీళ్లలో పోయింది.

కంటి సంగతి చెప్పాలి. డబ్బాలో ఇచ్చిన కళ్లజోడు రెండు నిమిషాల్లో ఆవిరి పట్టింది. 300 పెట్టి ముఖం మొత్తం కప్పే పారదర్శకపు కవచం తెచ్చుకున్నాను. దాని మీద తడి గార్నెట్ చిమ్మి ఏమీ కనపడదు. చేత్తో తుడిచాను. తుడిచిన ప్రతిసారీ గీతలు పడ్డాయి, ఉప్పుకాగితంతో తుడిచినట్టే కదా. మూడో రోజు నుంచి తుడవడం మానేసి చెంబుతో నీళ్లు పోసుకున్నాను. కాళ్లకు చెప్పులతో నిలబడితే రేకు మీద నుంచి తిరిగొచ్చే గింజలు సూదుల్లా గుచ్చుతాయి. రబ్బరు బూట్లు అవసరం.

పదకొండు గంటలకు ఎడమ రెక్క పైభాగం పూర్తయింది. ఇనుము లేత బూడిద రంగులో, అప్పుడే అచ్చు పోసినట్టు ఉంది. గర్వంగా ఫొటో తీసి అక్కకు పంపాను. ఆకలేసి లోపలికి వెళ్లి ఇడ్లీ తిన్నాను, కాఫీ తాగాను, నలభై నిమిషాలు. తిరిగొచ్చి చూస్తే రెక్క మొత్తానికి పసుపు పూసినట్టు ఉంది. వేలితో రుద్దితే నారింజ రంగు అంటింది. అప్పటికే మళ్లీ తుప్పు. పచ్చి ఇనుము, దాని మీద తడి, ఏప్రిల్ ఎండ, ఈ మూడూ కలిస్తే అంతే వేగం. తడి బ్లాస్టింగ్‌లో ఇది తప్పదని తర్వాత చదివాను. ఆ పూట మాత్రం గేటు ముందు మెట్టు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. అక్క నుంచి ఫొటోకు జవాబు వచ్చింది, "అబ్బ, కొత్తదానిలా ఉంది" అని.

అక్కడి నుంచి పద్ధతి మార్చాను. ఒకేసారి చేతివెడల్పు మూడు నాలుగు చోట్ల కంటే ఎక్కువ చేయలేదు. బ్లాస్ట్ చేయగానే మామూలు నీళ్లతో కడగడం, కంప్యూటర్ దుమ్ము ఊదే బ్లోయర్‌తో సందులు సహా ఆరబెట్టడం, థిన్నర్ గుడ్డతో తుడవడం, వెంటనే జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ పూయడం. అంతా అరగంట లోపు. మా బోరు నీళ్లు గట్టివి, ఆరితే తెల్లటి పొర మిగులుతుంది. ఆ పొర మీద ప్రైమర్ పూస్తే నిలవదు. అందుకే ఆ థిన్నర్ గుడ్డ కంటే ముందు ఇంకో తడిగుడ్డ. యంత్రం మోటారు కూడా ఇరవై నిమిషాలు పనిచేస్తే ఇరవై నిమిషాలు విశ్రాంతి అడుగుతుంది, కాబట్టి ఈ పద్ధతి దానికీ సరిపోయింది. సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు మాత్రం వాడవద్దు, నాది చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. 15 ఆంపియర్ల ప్లగ్గుకే నేరుగా పెట్టాను.

లెక్క కూడా అప్పుడే వేశాను. నిమిషానికి దాదాపు 800 గ్రాముల గార్నెట్ పీలుస్తోంది. నిమిషానికి శుభ్రమయ్యేది అరచెయ్యి అంత. గేటు మొత్తం ఇలాగే చేస్తే రెండు వైపులా కలిపి ఎనిమిది తొమ్మిది వందల అరచేతులు, పొడికే ఇరవై వేలు దాటేది. కాబట్టి కింది రేకు చదునైన భాగాన్ని ఆంగిల్ గ్రైండరుకు తీగల బ్రష్షు లాంటి వైర్ కప్పు తగిలించి చేశాను, అది ఒక్క పూట పని. ఈ గొట్టం మెలికలకు, సందులకు, వెల్డు అతుకులకు, బందులకు మాత్రమే. చదును రేకు కోసం దీన్ని కొనేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

మే 1 సెలవు. కుడి రెక్క బందుల దగ్గర చేస్తున్నాను. ఆ పక్క స్తంభానికి నల్లగ్రానైట్ పలక మీద నాన్న పేరు చెక్కించి ఉంది. దానికి గుడ్డ కప్పాను. నీళ్ల విసురుకు గుడ్డ ఎప్పుడు జారిందో చూడలేదు. కవచం మీద నీళ్లు పోసుకుని చూసేసరికి, పలక కింది మూల మెరుపు పోయి బూడిద రంగు తిరిగింది. ఇంటిపేరులో రెండు అక్షరాల బంగారు రంగు ఎగిరిపోయింది. ట్రిగ్గర్ వదిలేశాను, గొట్టం పూడింది, పట్టించుకోలేదు. అమ్మ బయటికొచ్చి పలక మీద వేలితో అక్షరాలు తడిమింది. "చెక్కుడు ఉందిగా, రంగే కదా పోయింది" అని లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజు ఇంక పని చేయలేదు. తర్వాత సున్నా నంబరు కుంచెతో బంగారు రంగు నేనే నింపాను. మెరుపు పోయిన మూల మాత్రం అలాగే ఉంది. గుడ్డ కాదు, అట్టపెట్టె ముక్క కోసి చుట్టూ టేపు వేయాల్సింది.

ఆ లోగా వాడిన గార్నెట్‌ను పోగుచేసి, మేడ మీద తార్పాలిన్‌లో ఎండబెట్టి, దోమల మెష్‌తో జల్లించి మళ్లీ వాడుతున్నాను. దీన్ని ఒకటి రెండు సార్లు తిరిగి వాడుకోవచ్చు. జల్లించేటప్పుడు కూడా మాస్కు ఉండాలి, రంగు పెచ్చులు పొడై అందులోనే ఉంటాయి. మే 3 శనివారం రాత్రి గాలివాన. రెండు గంటలకు మెలకువ వచ్చి మేడ మీదికి పరుగెత్తాను. తార్పాలిన్ ఒక పక్క లేచి కొట్టుకుంటోంది, నలభై కిలోల పొడి ఎర్రటి ముద్ద. మళ్లీ ఎండటానికి మూడు రోజులు పట్టింది. సాయంత్రం బ్యాంకు నుంచి రాగానే మేడ ఎక్కి పొడిని వేళ్లతో కెలికి రావడం ఆ వారం నా దినచర్య. ఒడియాలు ఎండబెట్టే కాలంలో మా మేడ మీద గార్నెట్ ఎండటం చూసి పక్కింటి పిన్ని గారు, "కారం పట్టిస్తున్నారా?" అని అడిగారు.

మే 10న కుడి రెక్క అడుగు పట్టీ. ఇక్కడ తుప్పు బాగా మందంగా ఉంది. ధార పెట్టిన పది సెకన్లలో గేటు అవతల విడిచిన నా చెప్పులు కనిపించాయి, గేటులోంచి. రేకుకు చిల్లు. కొంచెం జరిపితే ఇంకోటి. చివరికి జానెడు పొడవున ఐదు చిల్లులు. నేను చేసినవి కావు, ఉన్నవే. వాటిని ఇన్నాళ్లూ మూసి ఉంచింది రంగూ తుప్పూ. మే 12 సోమవారం, బుద్ధపూర్ణిమ నాడు, వెల్డింగ్ భాయిని పిలిస్తే వచ్చాడు. సుత్తితో అడుగు పట్టీ అంతా తట్టుకుంటూ పోయాడు. మంచి ఇనుము దగ్గర ఖణేల్మంది, చివికిన చోట మొద్దుగా మోగింది. మొద్దుగా మోగినంత మేర కోసేసి, 16 గేజి రేకు ముక్క అతికాడు. 1,800 తీసుకున్నాడు. "భాయీ, ఈ గేటు ఇంకెన్నాళ్లు ఉంటుంది?" అంటే, "మీరు ఇలా ఇసుకతో కొట్టకుండా ఉంటే ఇంకో ఇరవై ఏళ్లు" అన్నాడు.

మే 17, 18 తేదీల్లో ఎనామిల్ రెండు పూతలు. రంగు విషయంలో ఇంట్లో ఓటు పెట్టాం. లేత నీలం అన్నాను, ఒక్క ఓటే పడింది. ఆకుపచ్చ వేశాం.

ఖర్చు దాచకుండా రాస్తాను. గొట్టం 2,350. రెండు అడాప్టర్లు 500. గార్నెట్ మూడు బస్తాలు 2,400. తార్పాలిన్లు 900. మాస్కు 1,250, ముఖకవచం 300. వెల్డింగు 1,800. ప్రైమర్, థిన్నర్ 1,100. ఎనామిల్ 900. మొత్తం 11,500. పెయింటరు అడిగిన దానికంటే 2,500 ఎక్కువ, షెడ్డువాళ్ల కంటే వెయ్యి తక్కువ. అసలు బ్లాస్టింగ్ చేసిన సమయం అన్ని రోజులూ కలిపి రెండున్నర గంటలు ఉంటుంది, నీళ్లు వెయ్యి లీటర్ల పైమాటే. మిగతా కాలమంతా ఆరబెట్టడం, జల్లించడం, కడగడం, ఊడ్చడం. ఊడ్చడం అంటే నీళ్లు చల్లి, తడి మీదే ఎత్తడం, అది బాలానగర్ పెద్దాయన మాట.

రంగు పెచ్చులతో కలిసిన గార్నెట్ మిగిలింది రెండు బస్తాలు. చెత్తబండి అబ్బాయి ఎత్తి చూసి, బరువని కాదు, ఏమిటని అడిగాడు. చెప్పాక తీసుకోలేదు. తప్పు పట్టను. ప్లాస్టిక్ సంచుల్లో రెట్టింపు కట్టి మెట్ల కింద పెట్టాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఆగస్టు వానలకు గేటు మొత్తం ఒకసారి వేలితో తడిమి చూశాను. మెలికల లోపల ఎక్కడా ఏమీ లేదు. ఎడమ రెక్క పైమూలలో ఒక్క చోట రంగు బియ్యపు గింజంత ఉబ్బింది. ఇడ్లీ తినడానికి వెళ్లిన రోజు చేసిన చోటు అది. ఆ పసుపును గుడ్డతో తుడిచి, పోయిందిలే అనుకుని ప్రైమర్ పూశాను. వానలు తగ్గాక దాని కోసం ఒక చెంబెడు గార్నెట్ ఎండబెట్టాలి.